పిండి కలిసేంతసేపు

అడిగిన ప్రశ్నకి అడిగిన చోటే జవాబు చెప్పే అలవాటు జ్ఞానానందం అయ్యగారికి లేదు. గోదావరి కాలవ పక్కనున్న కొత్తమెరక సంఘానికి ఆయన పాస్టరుగారు. మంగళవారం సాయంత్రాలు మందిరం వరండాలో చాపలు పరిపించి, వచ్చిన శిష్యులకి వాక్యం నేర్పేవారు. ఎవరైనా సందేహం అడిగితే గడ్డం గోక్కుని, "మీ ఇంట్లో టీ బాగుంటుందా?" అనేవారు. బాగుంటుందంటే ఒకరోజు వచ్చేవారు, తాగేవారు, వెళ్ళిపోయేవారు. జవాబు వచ్చిందో రాలేదో అడిగినవాళ్ళే తేల్చుకోవాలి. ఈ వరస నచ్చక చదువు మానుకున్నవాళ్ళు లేకపోలేదు. మానుకోనివాళ్ళలో హెప్సిబా ఒకతె.

హెప్సిబా పట్నంలో ఆసుపత్రి నర్సు. ఆ మంగళవారం అందరూ చెప్పులేసుకుని వెళ్ళిపోయేదాకా చాపలు చుడుతున్నట్టు నటించి, చివరికి అయ్యగారి ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యగారండి, మెషీన్లో చేసిన రొట్టె బల్ల మీద పెట్టొచ్చాండి, ఓవెన్లో కాల్చిందే పెట్టాలాండి?"

ప్రశ్న వింటే నవ్వొస్తుంది. కానీ ఆ పిల్ల రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు, కాబట్టి నవ్వేముందు సంగతి వినండి.

కొత్తమెరక సంఘంలో ఆదివారం ఆదివారం బల్ల ఉంటుంది, అంటే ఏసు ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ అందరూ రొట్టె, రసం పంచుకోవడం. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద ఒక పళ్ళెంలో రొట్టె, పక్కన ద్రాక్షరసం. పులియని రొట్టె వాడే సంఘాలున్నాయి, బిళ్ళలు కొనుక్కునే సంఘాలున్నాయి. వీళ్ళది మాత్రం పొంగిన గుండ్రటి రొట్టె, ఒక్కటే. అయ్యగారు దాన్ని విరిస్తే, ఆసామీ దగ్గర్నించి పాలేరు దాకా అందరూ దాంట్లోంచే తుంచుకోవాలి. ఇంకో ఆచారం కూడా ఉంది, ఎవరు మొదలెట్టారో తెలీదు. ఆ పిండి పిసికే మనిషి, పిసుకుతున్నంతసేపూ, సంఘంలో ఒక్కొక్క ఇంటినీ పేరుపేరునా తలుచుకోవాలి. పైకి చెప్పక్కర్లేదు, పెదాలు కదిలితే చాలు. ఇంటింటి కష్టం పిండిలో కలిసిందని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ రొట్టె ముక్క నోట్లో వేసుకునేటప్పుడు కొత్తమెరకలో ఎంత మొండివాడైనా కాస్త తల దించుతాడు.

ఈ పని చాలా ఏళ్ళుగా హెప్సిబా అత్తగారు రిబ్కమ్మది. ఆవిడ భర్త బతికున్న రోజుల్లో ఆసుపత్రి వంటశాలలో పనిచేసి, రొట్టె చెయ్యడం నేర్చుకొచ్చి ఈవిడకి నేర్పాడు. మూత మీద గాజు కన్నున్న అల్యూమినియం ఓవెను ఒకటి కొనిచ్చాడు. ఆయన పోయినా ఓవెను పోలేదు, రొట్టె ఆగలేదు. శనివారం సాయంత్రం రిబ్కమ్మ పీట వేసుకుని పిండి ముందు కూర్చుందంటే, ఆ ఇంట్లో గట్టిగా దగ్గేవాడు కూడా లేడు.

అలాంటి మనిషికి కీళ్ళవాతం వచ్చింది. మణికట్లు రెండూ వాచి చెంబు ఎత్తడమే గగనమైంది. పని కోడలి చేతికొచ్చింది. కోడలికి చెయ్యాలనే ఉంది. మనసారా ఉంది. కానీ శనివారం ఆమెకి రాత్రి డ్యూటీ. చేతులు పిండిలో ఉంటే చెవులు బస్సు హారను మీద ఉండేవి. ఒకసారి పిండి సరిగా కలవలేదు, ఒకసారి పొంగలేదు, ఒకసారి అడుగు మాడింది. రిబ్కమ్మ పల్లెత్తు మాట అనలేదు, మాడిన భాగం చాకుతో గీకి పళ్ళెంలో బోర్లించింది, అంతే. ఆ గీకుడు చప్పుడు హెప్సిబాకి తిట్టులాగే వినిపించింది.

అప్పుడు కువైట్ నుంచి తిరిగొచ్చిన తోటి నర్సు ఒకావిడ, తన డ్యూటీలు చేసిపెట్టినందుకు, హెప్సిబాకి బ్రెడ్డు మెషీను ఇచ్చింది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. మైదా, నీళ్ళు, ఉప్పు, పంచదార, నూనె, ఈస్టు వేసి మూతపెట్టి మీట నొక్కితే, అదే పిసికి, అదే పొంగించి, అదే కాల్చి, అయ్యాక కూతపెట్టి పిలుస్తుంది. శనివారం సాయంత్రం మీట నొక్కి హెప్సిబా బస్సెక్కింది. పొద్దున్నే వచ్చి మూత తీస్తే రొట్టె బంగారంలా ఉంది. ఎంత సంబరపడిందో చెప్పలేం. గబగబా గిన్నె బోర్లించి, గుడ్డలో చుట్టి, నిద్ర కళ్ళతోనే మందిరానికి పరిగెత్తింది.

ఆ మెషీను గిన్నె అడుగున పిండి తిప్పడానికి చిన్న ఇనప రెక్క ఒకటి ఉంటుంది. రొట్టె తీశాక అది గిన్నెలోనే ఉందా లేదా చూసుకోవాలి. హెప్సిబా చూసుకోలేదు.

అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె చేతిలోకి తీసుకున్నారు. విరవబోయారు. విరగలేదు. ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఏమీ జరగనట్టు రొట్టె రెండు ముక్కలైంది, ఆయన కుడిచెయ్యి లాల్చీ జేబులోకి వెళ్ళి వచ్చింది. మగవాళ్ళ వైపు ఎవరూ గమనించలేదు. ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద కూర్చున్న రిబ్కమ్మ గమనించింది.

ఇంటికొచ్చాక ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇనుము సంగతి వదిలెయ్యవే, పొరపాటు ఎవరికైనా జరుగుద్ది," అంది, మంచం మీద వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని. "నేనడిగేది ఒకటే. పేర్లు ఎవరు చెప్పారు? నీ మెషీనుకి మూలింటి ఆదాం తెలుసా? వాడి కాలు విరిగిందని తెలుసా? తబిత టైలరింగు షాపు మూతపడిందని దానికెవరు చెప్పారు? పేర్లు లేని పిండి తెచ్చి బల్ల మీద పెట్టావు. ఊరందరిచేతా ఒట్టి మైదా తినిపించావు."

అది నిజం. మీట నొక్కి బస్సుకి పరిగెత్తిన మనిషి ఎవరి పేరు తలుచుకుంటుంది?

ఈలోగా సంఘ పెద్ద టైటసు గారికి గాలివాటున కొంత సంగతి తెలిసింది. ఆయన పనులు తెమిలిపోవాలనే రకం. "ఎందుకొచ్చిన తలనొప్పి, వచ్చే వారం నుంచి బేకరీలో కొనేద్దాం," అన్నాడు. అత్తాకోడళ్ళిద్దరికీ ఆ మాట ఒకేచోట గుచ్చుకుంది. పక్కపక్క గదుల్లో ఉండి, ఒకే దిగులు పడుతూ, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకుండా గడిపారు. చేత్తో చేసే వీల్లేదు, మెషీనుతో చేస్తే ఒట్టి మైదా అయిపోతుంది, మానేస్తే ఆ ఇంటి నుంచి బల్ల రొట్టె శాశ్వతంగా పోతుంది. అదీ హెప్సిబా అడిగిన ప్రశ్న వెనకున్న కథ.

అయ్యగారు అంతా విని గడ్డం గోక్కున్నారు.

"మీ ఇంట్లో టీ బాగుంటుందా?"

"అత్తయ్యగారు పెడితే బాగుండేదండి. ఇప్పుడు నేనే పెడుతున్నాను."

"సరే, శనివారం సాయంత్రం వస్తాను. నేను వచ్చేదాకా పిండి కలపకు," అన్నారు. అని, ఆగి, నవ్వారు. "కలుపుదామన్నా కలపలేవులే. రెక్క నా దగ్గరుంది."

శనివారం ఎండ దిగుతుండగా వచ్చారు. టీ తాగారు, పర్వాలేదన్నారు. జేబు రుమాల్లోంచి రెక్క తీసి హెప్సిబా చేతిలో పెట్టారు. ఆమె దాన్ని కడిగి గిన్నెలో బిగించి, కొలత ప్రకారం అన్నీ వేసి, మెషీనుని వంటింటి గుమ్మం పక్కన బల్ల మీద పెట్టింది. అయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని సరిగ్గా దాని ముందు కూర్చున్నారు. డాక్టరు గది ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"నొక్కమ్మా."

నొక్కింది. లోపల రెక్క తిరగడం మొదలెట్టింది. పొడిపిండి గరగరా, తర్వాత తడిపిండి దబ్ దబ్ మంటూ. హెప్సిబా అలవాటుగా డ్యూటీ చీర తెచ్చుకోవడానికి లోపలికి కదిలింది.

"ఎక్కడికి?"

"బట్టలు సర్దుకుందామనండి."

"పిండి కలుస్తోంది కదమ్మా," అన్నారాయన, అదేదో ఆమె మరిచిపోయినట్టు. హెప్సిబా వెనక్కొచ్చి పీట మీద కూర్చుంది. ఆయన లోపలి గది వైపు తిరిగారు. "రిబ్కమ్మా, ఇక్కడ పిండి కలుస్తోంది. పేర్లెవరు చెప్తారు?"

లోపల్నించి జవాబు వెంటనే వచ్చింది. మెలకువగానే ఉంది, వింటూనే ఉంది.

"ఆ మెషీన్నే చెప్పమనండి అయ్యగారూ. అన్నీ అదే చేస్తదంట కదా."

"ఇదొక్కటి దానికి రాదంట."

మంచం కిర్రుమంది. రిబ్కమ్మ గోడ పట్టుకుని వచ్చింది, మెషీనుని ఎగాదిగా చూసింది, దానికి కాస్త దూరంగా కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. శనివారం సాయంత్రం పిండి ముందు ఖాళీ చేతులతో కూర్చోవడం ఆవిడకి అదే మొదలు. చివరికి కొంగులో దాచుకుంది.

"మూలింటి ఆదాం," అంది. పెదాలు కదిలించబోయి, మెషీను రొదలో తనకే వినపడక, గొంతు పెంచింది. "ఆదాం కాలు. వాడి పెళ్ళాం ఓపిక. పడవ యాకోబు, వాళ్ళమ్మ చూపు. కిళ్ళీకొట్టు ఎలీషా, తాగుడు. తబిత షాపు మళ్ళీ తెరుచుకోవాలి. కాలవ అవతల సంతోషమ్మ, ఒంటరిది. టైటసు గారు, ఆయన తొందర."

అయ్యగారు నవ్వు ఆపుకోవడానికి గడ్డం గట్టిగా పట్టుకున్నారు. హెప్సిబా మాత్రం అత్తగారి మొహం చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ పేర్లు పైకి వినడం ఆమెకి అదే మొదటిసారి. ఊళ్ళో మూలమూలా ఎవరికి ఎక్కడ నొప్పో ఆదివారం తప్ప గడప దాటని ఈ మనిషికి తెలుసు. ఎవరి పేరుకి ఎంతసేపు ఆగాలో కూడా తెలుసు. ఒక వరసలో, ఒక లయలో, వీధి మొదట్నించి చివరిదాకా నడిచినట్టు చెప్పుకుపోయింది. చివరి ఇల్లు అయింది.

"ఆమెన్," అని రిబ్కమ్మ లేవబోయింది.

మెషీను ఆగలేదు. దబ్ దబ్ మంటూనే ఉంది.

ఆవిడ దాని వంక చూసింది. చేత్తో చేసిన రోజుల్లో ఆవిడ ఆమెన్ అంటే పిండి అయిపోయినట్టే. ఇంతకుమించి పిసకక్కర్లేదని పిండే చెప్పేదని అందరితో అనేది.

"ఆగదేంటే ఇది?"

"ఇంకా టైముందండి అత్తయ్యా. మధ్యలో ఆపకూడదండి."

"ఇంకా కలుపుతోంది రిబ్కమ్మా," అన్నారు అయ్యగారు, నింపాదిగా. "ఎవరైనా మిగిలారేమో."

"ఎవరూ మిగల్లేదు. వీధంతా అయింది."

ఆ ఇంట్లో మాట్లాడకూడని పేరు ఒకటుందని కొత్తమెరకలో అందరికీ తెలుసు, అయ్యగారికీ తెలుసు. రిబ్కమ్మకి కొడుకు కాకుండా కూతురు కూడా ఉంది, కరుణ. కరుణని తన తమ్ముడి కొడుక్కి ఇస్తానని రిబ్కమ్మ మాటిచ్చింది. కరుణ మేనబావని కాదని, మందిరంలో మైకులు బిగించడానికి వచ్చే కరెంటు పని ఎబినేజరుని రిజిస్టరాఫీసులో చేసుకుంది. తమ్ముడు ఆనాటి నుంచి అక్క గడప తొక్కలేదు. తొక్కకుండానే గుండెపోటుతో పోయాడు. ఆఖరిచూపుకి వెళ్తే రిబ్కమ్మని వాకిట్లోనే ఆపేశారు. తోడబుట్టినవాడి మొహం చూడనివ్వని ఆ రోజున ఆవిడ తిరిగొచ్చి, నాకు కూతురు లేదంది. ఆ నొప్పి పడ్డవాళ్ళకే తెలుస్తుంది, తప్పుపట్టడం తేలిక. కరుణ మందిరానికి రావడం మానేసింది. రెండు వీధుల అవతలే కాపురం. ఇంటి కొడుకు కూడా తల్లి ముందు చెల్లెలి పేరెత్తడు.

మెషీను తిరుగుతోంది. రిబ్కమ్మ కుర్చీలో సర్దుకుంది. ఊరికే కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు.

"రాములవారి గుడి పూజారిగారు, మోకాళ్ళు," అంది. "చేపల బండి అబ్బాయి, ఎండలో తిరుగుతాడు. కరెంటోళ్ళు. ఆసుపత్రిలో మా కోడలి వార్డు, అక్కడ పడుకున్నోళ్ళందరూ." ఆలోచించింది. "యాకోబు గేదె, ఈనలేదింకా."

పిండి ఇప్పుడు ముద్దయింది. చప్పుడు మారింది, మెత్తగా, సాగుతున్నట్టు. ఆ చప్పుడు రిబ్కమ్మకి తెలుసు. కొంగులోంచి చెయ్యి తీసి, వాచిన వేళ్ళతోనే మెషీను మూత మీద ఆనించింది. లోపల ముద్ద తిరుగుతూ గోడలకి తగులుతుంటే ఆ అదురు ఆవిడ అరచేతికి అందింది. కళ్ళు మూసుకుంది. హెప్సిబాకి అత్తగారు ప్రార్థన చేస్తోందనిపించింది. కానీ పెదాలు కదల్లేదు. బిగుసుకుని ఉన్నాయి.

ఎవరూ తొందరపెట్టలేదు. అయ్యగారు ఖాళీ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. హెప్సిబా బస్సు వేళ దగ్గరపడుతోంది, ఆమె కూడా కదల్లేదు.

"అమ్మాయ్," అంది రిబ్కమ్మ, కళ్ళు తెరవకుండా. "కరుణ బిడ్డ పేరేంటి?"

ఆ బిడ్డ పుట్టింది హెప్సిబా ఆసుపత్రిలోనే. మొదటిసారి చేతుల్లోకి తీసుకున్న అయినవాళ్ళలో ఆమె ఒకతె. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక దాచుకుంది.

"మహిమ అండి అత్తయ్యా."

"మహిమ," అంది రిబ్కమ్మ. సొంత మనవరాలి పేరు ఇంకొకరిని అడిగి తెలుసుకున్నందుకు ఆవిడ మొహం ముడుచుకుపోయింది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తియ్యాలి. తియ్యలేదు, మూత మీదే ఉంచింది. "మహిమ. ఎబినేజరు, స్తంభాలెక్కే పని, జారకూడదు. కరుణ." ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగింది. మూలింటి ఆదాం దగ్గర్నించి యాకోబు గేదె దాకా అందరికీ ఏం కావాలో తెలిసిన మనిషికి, తన కూతురికి ఏం కావాలో తెలియలేదు. "కరుణ," అని మళ్ళీ అంది.

హెప్సిబా పీట జరుపుకుని అత్తగారి పక్కకి వెళ్ళి కూర్చుంది. మెషీను ఆ తర్వాత కూడా కాసేపు తిరిగి, తనంతట తను ఆగింది.

మొదట తేరుకున్నది రిబ్కమ్మే. ముక్కు చీది, మూత తీయించి, లోపలికి తొంగిచూసింది. వేలితో ముద్దని నొక్కింది. "పర్వాలేదు, బాగానే కలిపింది," అంది, పక్కింటి కోడలిని మెచ్చుకున్నంత పొదుపుగా. "దీంట్లో కాల్చొద్దు, మళ్ళీ ఆ రెక్క దిగబడుద్ది. పొంగాక నేను గుండ్రంగా చేస్తాలే. దానికి మణికట్టు అక్కర్లేదు, అరచేతులు చాలు. అబ్బాయి వచ్చి ఓవెను మూత తీస్తాడు. నువ్వు పో, బస్సు తప్పుద్ది."

హెప్సిబా చీర సంచిలో కుక్కుకుని బయటికొచ్చేసరికి అయ్యగారు వాకిట్లో చెప్పులేసుకుంటున్నారు. ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా శిష్యురాలు శిష్యురాలే, అడిగిన ప్రశ్న ఒకటి ఉండిపోయింది కదా.

"అయితే అయ్యగారండి, చేత్తో చేసేదాని కంటే మెషీనే మంచిదంటారాండి?"

ఆయన లోపలికి చూశారు. రిబ్కమ్మ ఇంకా ఆ గిన్నె దగ్గరే కూర్చుని ఉంది.

"చేత్తో చేసినన్నాళ్ళూ, ఎక్కడ ఆపెయ్యాలో మీ అత్తగారికి తెలిసేదమ్మా," అన్నారు. "దానికి తెలీదు."